పేరులో ఉన్నది, కంటికి ఆననిది

1912లో ఒక జర్మన్ శస్త్రచికిత్స పత్రికలో ముప్పై పేజీల వ్యాసం అచ్చయింది. రాసినది జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో సర్జరీ నేర్చుకుంటున్న హకారు హషిమోటో. నడివయసు దాటిన నలుగురు స్త్రీల మెడలోంచి కోసి తీసిన థైరాయిడ్ గ్రంథుల్ని మైక్రోస్కోపు కింద పరిశీలించి, అక్కడ కనిపించిన జబ్బుకి ఆయన ‘స్ట్రూమా లింఫోమటోసా’ అని పేరు పెట్టారు. స్ట్రూమా అంటే గళగండం. రెండో మాటలో లింఫోమా ఉంది. ఈ రోజు ఆ మాట వింటే కాన్సరు గుర్తొచ్చి గుండె జారిపోతుంది కానీ, ఆ కాలంలో దానికి అంత భయం అంటుకోలేదు. లింఫ్ కణాలు గుమిగూడి ఏర్పడిన వాపు ఏదైనా లింఫోమాయే. 1871లో వియన్నా సర్జన్ బిల్‌రోత్ ప్రాణాంతకమైన రకాన్ని విడదీసి చెప్పడానికి ‘మాలిగ్నెంట్ లింఫోమా’ అనవలసి వచ్చింది. విశేషణం అవసరపడిందంటేనే, విశేషణం లేని మాటలో చేటు లేదన్నమాట. హషిమోటో వాడింది ఆ చేటు లేని మాటనే. అయితే ఆయన పేరు పెట్టిన ఆ జబ్బులోంచే, ఆ గ్రంథిలోనే, అరుదుగా అసలైన లింఫోమా పుడుతుందని వైద్యలోకం నిలకడగా ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి పనిముట్లు లేకపోవడమే కారణమని చెప్పుకుంటూ వచ్చారు. నాకు అలా అనిపించదు. చూడవలసింది స్లైడు మీద మొదటినుంచీ ఉంది. రెండు గట్టి నమ్మకాలు దాన్ని కంటికి ఆననివ్వలేదు. శరీరం తన మీద తాను దాడి చేసుకోదన్నది ఒకటి. లింఫోమా పుట్టవలసింది లింఫ్ బిళ్లల్లోనే తప్ప మరోచోట కాదన్నది రెండోది.

హషిమోటోది ఆసక్తికరమైన గురుపరంపర. ఆయన గురువు హయారి మియాకె జర్మనీ వెళ్లి బ్రెస్లావ్‌లో మికులిచ్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆ మికులిచ్ బిల్‌రోత్ దగ్గర సహాయకుడిగా ఎదిగినవాడు. కన్నీటి గ్రంథులూ లాలాజల గ్రంథులూ లింఫ్ కణాలతో (లింఫోసైట్లతో) నిండి ఉబ్బిపోయే ఒక జబ్బుని 1892లో వర్ణించి తన పేరు మిగిల్చుకున్నదీ ఆ మికులిచ్చే. అంటే, తమది కాని గ్రంథిలో లింఫోసైట్లు వచ్చి తిష్ఠ వెయ్యడమనే దృశ్యం ఈ పరంపరకి కొత్త కాదు. హషిమోటో చూసినవి ప్రధానంగా నాలుగు: లింఫ్ ఫాలికిళ్లు ఏర్పడటం, థైరాయిడ్ సొంత కణాల రూపం మారిపోవడం, నారలాంటి కణజాలం పెరగడం, గుండ్రటి చిన్న కణాలు గ్రంథి నిండా పరుచుకోవడం. వీటిలో మొదటిదాని దగ్గర కాసేపు ఆగాలి. లింఫ్ ఫాలికిల్ అంటే దారినపోయే నాలుగు కణాలు ఒకచోట గుంపు కట్టడం కాదు. నడుమ జెర్మినల్ సెంటర్, చుట్టూ వలయం ఉన్న ఒక కట్టడం అది. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుందంటాం కదా, ఆ బిళ్ల లోపల ఉండవలసిన కట్టడం. దానికి థైరాయిడ్‌లో చోటు లేదు. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్‌లో లింఫ్ కణజాలం చెప్పుకోదగ్గంత ఉండదు. వచ్చినవాళ్లు చుట్టపుచూపుగా రాలేదు, ఇల్లే కట్టుకున్నారు. ఆ సంగతి ఆయన శ్రద్ధగా వర్ణించారు. క్షయ, సిఫిలిస్, 1896లో రీడెల్ చెప్పిన రాయిలాంటి థైరాయిడ్ వాపు, వీటన్నిటితో పోల్చి ఇది వేరే జబ్బని తేల్చారు. ఆ ఇల్లు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న ప్రశ్న వేసుకోవడానికి ఆనాటి వైద్యంలో మాటలే లేవు.

తర్వాత హషిమోటో జర్మనీలో పై చదువుకి వెళ్లారు, మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, ఆయన తిరిగొచ్చి ఇగా ప్రాంతంలోని సొంత ఊళ్లో తాతతండ్రుల వైద్యవృత్తిని అందుకున్నారు. 1934లో టైఫాయిడ్‌తో పోయారు. ఈలోగా పాశ్చాత్య దేశాల్లో ఆయన జబ్బుకి గుర్తింపు కూడా సరిగా దక్కలేదు. అమెరికాలో కాన్సర్ పాథాలజీకి పెద్దదిక్కైన జేమ్స్ యూయింగ్ దాన్ని రీడెల్ వాపుకే తొలిదశగా లెక్కగట్టారు. 1931లో క్లీవ్‌లాండ్ వైద్యులు గ్రాహమ్, మెకల్లా ఇది వేరని మళ్లీ నిలబెట్టాక హషిమోటో పేరు పాఠ్యపుస్తకాల్లో కుదురుకుంది. ఆ రోజుల్లో థైరాయిడ్ పాథాలజీకి ముఖ్యంగా ఉన్నవి రెండే గదులు. ఒకటి అయోడిన్ లోటుతో వచ్చే గళగండం, రెండోది కాన్సరు. మన దేశంలో మొదటి గదిని బాగు చేసినవాడు శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి. కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు పంచి, గళగండం తగ్గుముఖం పట్టడాన్ని లెక్కలతో చూపించిన అధ్యయనం ఆయన బృందానిది. ఆ గళగండంలో గ్రంథి తన లోటు తీర్చుకోవడానికి తానే పెరుగుతుంది. అక్కడ లింఫోసైట్లకి పెద్ద పాత్ర లేదు. అలాంటి స్లైడ్లు వేలకొద్దీ చూసి అలవాటుపడిన కంటికి, లింఫోసైట్లతో కిక్కిరిసిన హషిమోటో గ్రంథి ఏ గదిలోనూ ఇమడకపోవడంలో వింత లేదు. అది ఏదో తెలియని వాపు, తెలియని తాపం అని పక్కన పెట్టేశారు.

మొదటి నమ్మకం బీటలు వారింది 1956లో. శరీరం తన కణజాలాన్ని తాను ఎదిరించడానికి వెనుదీస్తుందని పాల్ ఎర్లిక్ 1901 ప్రాంతంలో చెప్పిన మాటని అంతకుముందు యాభై ఏళ్లుగా వేదవాక్కుగా పట్టుకున్నారు. అమెరికాలోని బఫలోలో నోయెల్ రోజ్, అర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లకి కుందేళ్ల థైరాయిడ్ సారమే ఎక్కించారు. ఆ కుందేళ్ల గ్రంథుల్లో హషిమోటో వర్ణించిన దృశ్యమే కనిపించింది. విటెబ్‌స్కీ ఎర్లిక్ శిష్యపరంపరలోని వాడు. కాబట్టి తన చేతుల మీదుగా వచ్చిన ఫలితాన్ని తానే ఒక పట్టాన నమ్మలేదు. అదే ఏడాది లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో డెబొరా డోనియాక్, ఐవన్ రాయిట్, వారి సహచరులు మరో దిక్కునుంచి అదే చోటికి వచ్చారు. హషిమోటో రోగుల రక్తంలో గామా గ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీలుండే ప్రొటీన్లు, ఎక్కువగా ఉంటున్నాయి, గ్రంథిని తీసేస్తే రక్త పరీక్షలు మామూలు స్థితికి వస్తున్నాయి. అలాగైతే ఆ యాంటీబాడీల్ని తయారుచేస్తున్న చోటు గ్రంథి లోపలే ఉండాలి. రోగి సీరమ్‌ని థైరాయిడ్ సారంతో కలిపి చూస్తే తెల్లటి గీతలా అవక్షేపం ఏర్పడింది. ఆటో ఇమ్యూన్ జబ్బుల చరిత్రలో ఇదొక మలుపని అందరూ చెబుతారు. నేను పట్టించుకోమనేది అందులో ఇమిడి ఉన్న చిన్న సంగతిని. గ్రంథిలో లింఫోసైట్లు కట్టిన ఆ ఇల్లు ఉత్త నివాసం కాదు, రాత్రింబవళ్లు నడిచే కర్మాగారం. అక్కడ బి లింఫోసైట్లు ఏళ్ల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి. విభజన ఎక్కడ ఆగకుండా సాగుతుందో అక్కడ జన్యువుల్లో పొరపాటుకి అవకాశం పెరుగుతుంది. లింఫోమా ప్రశ్నకి సగం జవాబు 1956లోనే దొరికింది. మిగతా సగానికి రెండో నమ్మకం అడ్డుపడింది.

ఆ అడ్డు ఎంత గట్టిదో తెలియాలంటే ‘స్మాల్ సెల్ కార్సినోమా’ అనే పేరు కథ వినాలి. థైరాయిడ్ కాన్సర్లలో అతి క్రూరమైన అనాప్లాస్టిక్ రకాన్ని పాత పుస్తకాలు రెండుగా విడదీసేవి: పెద్ద కణాలది, చిన్న కణాలది. పెద్ద కణాల రకం వచ్చినవాళ్లు నెలల్లో పోయేవారు. చిన్న కణాల రకంవాళ్లలో కొందరు మాత్రం రేడియేషన్ తగలగానే గడ్డ మంచులా కరిగి, ఏళ్ల తరబడి బతికేవారు. ఆ తేడా కళ్లముందే ఉన్నా, అది కార్సినోమా (గ్రంథి సొంత కణాల కాన్సరు) రకాల్లోని తేడాగానే పుస్తకాలకెక్కింది. థైరాయిడ్‌లో పుట్టిన గడ్డ థైరాయిడ్ కణాలదే అయ్యుంటుంది, లింఫోసైట్ల గడ్డ అయితే ఏ బిళ్లలోంచో వచ్చి ఉండాలి అన్న లెక్క అంత బలంగా ఉండేది. 1955లో శాన్ ఫ్రాన్సిస్కోలో లిండ్సే, డెయిలీ థైరాయిడ్ లింఫోమాకీ హషిమోటో జబ్బుకీ సంబంధం ఏమిటని తమ వ్యాసం శీర్షికలోనే అడిగారు. 1966లో మాయో క్లినిక్ వాళ్లు థైరాయిడ్‌లోనే పుట్టిన లింఫోమాలు 46 పోగుచేసి చూపించారు. 1970లు దాటేసరికి పాత చిన్న కణాల స్లైడ్లని తిరగేసినవాళ్లు అందులో అధిక భాగం లింఫోమాలేనని, మిగిలిన వాటిలో కొన్ని థైరాయిడ్ కాన్సర్లలోనే మరో రకమైన మెడుల్లరీ కార్సినోమాలని తేల్చుకుంటూ వచ్చారు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ రెండో కూర్పు వచ్చేసరికి ఆ పేరుకి చోటు పోయింది. ఒక జబ్బు ఇలా మరో జబ్బు పేరుతో దశాబ్దాలు చలామణీ కావడం పాథాలజీలో మొదటిసారీ కాదు, ఆఖరిసారీ కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులద్దిన స్లైడు మీద చిన్న గుండ్రటి కణాన్ని చూసి అది లింఫోసైటా, కుంచించుకుపోయిన కార్సినోమా కణమా అని తేల్చడం నిజంగానే కష్టం. 1975లో కోలర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ కనిపెట్టాక, 1980లలో తెల్ల కణాలకి మాత్రమే అంటుకునే రంగు ఒకటి, కార్సినోమా కణాల్లో ఉండే కెరటిన్‌కి మాత్రమే అంటుకునేది మరొకటి ప్రయోగశాలల్లోకి వచ్చాకే ఆ తగువు తీరింది. మరి కారణం పనిముట్లే కదా, నమ్మకాల్ని ఎందుకు తప్పుపట్టడం? ఇందులో నిజం లేకపోలేదు. ఏ ఒక్క రోగి విషయంలోనైనా తీర్పు చెప్పింది ఆ రంగులే. అయితే అనుమానం లేవనెత్తినవాళ్లు ఎవరు, ఎప్పుడు అన్నది చూడాలి. 1955 వ్యాసానికీ 1966 జాబితాకీ ఆ రంగులు లేవు. హషిమోటో వాడిన రంగుల్లాంటివే వాళ్లూ వాడారు, ఆయన చూసిన ఫాలికిళ్లే గడ్డ పక్కన చూశారు, కానీ ప్రశ్న వేరేగా వేశారు. పైగా ఆ తర్వాత వచ్చిన పనిముట్లలో అన్నీ విషయాన్ని తేటపరచలేదు. కణాలన్నీ ఒకే తల్లికణం సంతతా కాదా అని జన్యువుల్ని విడమరిచి చూసే పరీక్ష వచ్చినప్పుడు, అది ఆ సంతతి గీతల్ని ఏ కాన్సరూ లేని మామూలు హషిమోటో గ్రంథుల్లో కూడా అప్పుడప్పుడు చూపించి కొత్త గందరగోళం తెచ్చింది. పనిముట్టు చేతికిచ్చినా ఏమి వెతకాలో చెప్పేది బుర్రే.

రెండో నమ్మకాన్ని పడగొట్టిన ఆలోచన థైరాయిడ్ నుంచి కాక, కడుపు నుంచి వచ్చింది. 1983లో ఇంగ్లండ్‌లో పీటర్ ఐజాక్సన్, డెనిస్ రైట్ పేగుల్లో పుట్టే కొన్ని లింఫోమాల్ని శ్రద్ధగా గమనించి, ఇవి బిళ్లల లింఫోమాల్ని కాక, పేగు గోడలో సహజంగా ఉండే లింఫ్ కణజాలాన్ని పోలి ఉన్నాయని చెప్పారు. ఆ కణజాలం పేరు పొడి అక్షరాల్లో మాల్ట్. అందుకే వాటికి మాల్ట్ లింఫోమాలని పేరొచ్చింది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, కడుపు సంచిలో అలాంటి కణజాలం మామూలుగా ఉండదు. ఉండనిచోట లింఫోమా ఎలా పుడుతుంది? దీర్ఘకాలపు తాపం మొదట అక్కడ ఆ కణజాలాన్ని మొలిపిస్తుంది, లింఫోమా అందులోంచి లేస్తుంది అన్నది ఐజాక్సన్ సమాధానం. కడుపులో ఆ పని హెలికోబాక్టర్ సూక్ష్మజీవిది. లాలాజల గ్రంథుల్లో ఆటో ఇమ్యూన్ జబ్బైన స్యోగ్రెన్‌ది. థైరాయిడ్‌లో హషిమోటోది. 1988లో హైజెక్, ఐజాక్సన్ థైరాయిడ్ లింఫోమాల్ని ఈ దృష్టితో చదివి, హషిమోటో గ్రంథిలో ఉన్న లింఫ్ కణజాలం మాల్ట్ లాంటిదేనని, అక్కడి లింఫోమాలు కడుపు లింఫోమాలకి చుట్టాలేనని చూపారు. లింఫోమా కణాలు థైరాయిడ్ సొంత ఫాలికిళ్ల (గ్రంథిలోని చిన్న సంచుల) గోడల్లోకి చొరబడి, లోపలి ఖాళీని ఉండల్లా నింపేసే దృశ్యం ఆ చుట్టరికానికి గుర్తు. పిండదశలో థైరాయిడ్ నాలుక మొదట్లో, ఆదిమ గొంతు అడుగుభాగం నుంచే మొలిచి మెడలోకి దిగుతుందన్న సంగతి కలిపి చూస్తే, ఇది మరీ దూరపు చుట్టరికమూ కాదు. మికులిచ్ చూసిన ఉబ్బిన లాలాజల గ్రంథులూ ఆయన మనుమశిష్యుడు చూసిన థైరాయిడ్‌లూ తొంభై ఏళ్ల తర్వాత ఇలా ఒకే పంక్తిలో కూర్చున్నాయి.

ఈ కథలో కడుపుకీ థైరాయిడ్‌కీ పడిన తేడా కూడా అర్థవంతమైనదే. 1993లో ఐజాక్సన్ బృందం మాల్ట్ లింఫోమా ఉన్న ఆరుగురికి హెలికోబాక్టర్‌ని చంపే మందులిస్తే ఐదుగురిలో లింఫోమా వెనక్కి తగ్గింది. కాన్సర్‌కి యాంటీబయాటిక్ మందు! పొయ్యిలో కట్టె లాగేస్తే పైన మరుగు తగ్గిందన్నమాట. థైరాయిడ్‌లో లాగెయ్యడానికి కట్టె లేదు. అక్కడ ఇంధనం గ్రంథి సొంత ప్రొటీన్లే. వాటిలో ఒకటైన థైరోగ్లోబ్యులిన్‌ని చంపే యాంటీబయాటిక్ ఉండదు. పోలిక ఇంతవరకు పనికొచ్చి ఇక్కడ ఆగిపోవడం సిద్ధాంతానికి లోపమని కొందరికి తోచవచ్చు. నాకైతే అది బలమే. ఆటో ఇమ్యూన్ జబ్బులో ప్రేరణ ఎప్పటికీ తెగదు కాబట్టే, ఆ గ్రంథి లింఫోమాకి అంత అనువైన నేల అవుతోంది.

గట్టిగా నిలబడే అభ్యంతరం మరొకటి. లింఫోమా పక్కన హషిమోటో కనబడినంత మాత్రాన అదే ముందు వచ్చిందని ఎలా అంటాం? గడ్డ పెరుగుతుంటే చుట్టూ ఉన్న కణజాలంలో లింఫోసైట్లు చేరడం సహజమే. కోసి తీసిన గ్రంథులు మాత్రమే చూసేవాడికి ముందువెనకలు తెలియవు, స్లైడు మీద కాలం ఉండదు. దీనికి సమాధానం స్లైడు చెప్పలేదు, లెక్కలు చెప్పాయి. 1985లో స్వీడన్‌లో హోల్మ్, ఆయన సహచరులు దీర్ఘకాలిక లింఫోసైటిక్ థైరాయిడైటిస్ ఉందని ముందే తేలిన 829 మందికి తర్వాత ఏమైందో వెతికారు. నలుగురికి థైరాయిడ్ లింఫోమా వచ్చింది. సాధారణ జనాభా లెక్కన రావలసింది 0.06. అంటే సుమారు 67 రెట్లు. ఆ ఏడాదే జపాన్ నుంచి వచ్చిన లెక్క కూడా ఆ స్థాయిలోనే ఉంది. చాలామంది రోగులు లింఫోమా బయటపడటానికి ఏళ్ల ముందే థైరాయిడ్ మాత్ర మింగుతుండటం, వాళ్ల రక్తంలో యాంటీబాడీలు ఉండటం కూడా క్రమాన్ని సూచించేవే. 2008లో కెనడా పరిశోధకులు మరో అడుగు వేసి, హషిమోటో దశలో తీసిన ముక్కలోని కణాల జన్యుక్రమాన్నీ తర్వాత వచ్చిన లింఫోమా కణాల క్రమాన్నీ పోల్చి, వాటి మధ్య వంశసంబంధం ఉందని చూపారు. అది కొద్దిమంది రోగుల్లోనే. అయినా సంగతి తేటపడుతోంది.

అయితే ఆ 67 అనే అంకె తన వంతు అపార్థాన్ని తానూ పుట్టించింది. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్లు తెలుగు వాళ్ల ఇళ్లలో ఇప్పుడు కొల్లలు. అందులో హషిమోటో వాటా పెద్దదే. ఆ అంకె ఒక్కటే వినిపిస్తే ఇంటింటా దిగులే. కానీ 0.06 పక్కన పెట్టి చూస్తేనే నాలుగు భయంకరంగా ఉంది. నలుగురిని 829 పక్కన పెట్టి చూస్తే మిగతా 825 మంది కనిపిస్తారు. థైరాయిడ్ లింఫోమా ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు, థైరాయిడ్ కాన్సర్లలో 1 నుంచి 5 శాతం. అయితే అందులో ఎక్కువభాగం నిదానంగా నడిచే మాల్ట్ రకం కాక, వేగంగా పెరిగే పెద్ద బి కణాల రకం. అరవై డెబ్బై ఏళ్ల స్త్రీకి, ఏళ్లుగా మెత్తగా పడి ఉన్న గళగండం ఉన్నట్టుండి వారాల్లో పెరిగి, గొంతు బొంగురుపోయి, ముద్ద దిగకపోవడమే దాని మామూలు రాక. పేరు పొరపాటుగా చదివినప్పటి నష్టం ఒక రకం, అంకెని పొరపాటుగా చదివితే వచ్చే నష్టం మరో రకం. ఈ జబ్బు చరిత్ర రెండూ చూసింది.

పేరు పొరపాటు పడ్డప్పటి నష్టం మాత్రం కత్తి మీద తేలింది. చీటీ మీద కార్సినోమా అని రాసి ఉంటే సర్జన్ చేసే పని ఒకటే, వీలైనంతవరకు గ్రంథిని, పక్కనున్న వాటిని కోసి తియ్యడం. శ్వాసనాళానికీ స్వరపేటిక నరానికీ అతుక్కుపోయిన లింఫోమాని అలా ఒలవబోతే గొంతు పోయే ప్రమాదం ఉంది. లింఫోమాకి అంత కోత అక్కర్లేదు. అది రేడియేషన్‌కీ మందులకీ లొంగే జబ్బు. పెద్ద కణాల రకానికి 1970ల నుంచి నాలుగు మందుల చాప్ చికిత్స, తర్వాత రిటుక్సిమాబ్ అనే మందు తోడయ్యాయి. 1992లో మాయో క్లినిక్ వైద్యులు తమ వ్యాసం శీర్షికలోనే అడిగారు: ఈ జబ్బులో ముక్క తీసి పరీక్షించడం కంటే ఎక్కువ సర్జరీ అవసరమా? అవసరం లేదన్నదే వాళ్ల అనుభవం. మరుసటి ఏడాది, హషిమోటో చివరిదాకా వైద్యం చేసిన ఇగాకి అంత దూరం కాని కోబే నగరంలో, థైరాయిడ్‌కే అంకితమైన కుమా ఆస్పత్రి తన 119 మంది లింఫోమా రోగుల అనుభవాన్ని అచ్చువేసింది. వాళ్ల రోగులు వచ్చిన దారి అదే, హషిమోటో గ్రంథుల దారి. ఆ గ్రంథిలో ఎక్కడ ఇల్లు ముగిసి ఎక్కడ కాన్సరు మొదలయిందో సన్నటి సూదితో పీల్చిన నాలుగు చుక్కల్లో పోల్చుకోవడం నేటికీ తేలిక కాదు. అందుకే అనుమానం వచ్చినప్పుడు ఇప్పటికీ ముక్క కొంచెం పెద్దదే కొయ్యమంటారు, దాన్ని మూడు నాలుగు రంగుల్లో ముంచి చూస్తారు. చూసేవాళ్లు వెతికేవాటిలో, 1912లో హషిమోటో వర్ణించిన ఆ లింఫ్ ఫాలికిళ్లూ ఉంటాయి.